మన వెబ్‌సైటు గుమ్మంలో ఎవరు నిలబడాలి?



మన మిషన్ ఆసుపత్రులలో చాలావాటికి ఇప్పుడు వెబ్‌సైట్లు ఉన్నాయి. కొన్ని కొత్తగా కట్టించుకొంటున్నాయి, కొన్ని పాతవాటిని బాగుచేయించుకొంటున్నాయి. ఇది సంతోషించదగిన సంగతే. అయితే కమిటీలలో చర్చ ఎక్కువగా దేని మీద జరుగుతుంది? మొదటి పేజీలో ఎవరి ఫోటో పెట్టాలి, ఏ రంగు వేయాలి, ఏ డిపార్టుమెంటు పేరు ముందు రావాలి అన్న వాటి మీద. అంతకంటె ముఖ్యమైన ప్రశ్న ఒకటి మిగిలిపోతుంది. వందల పేజీలున్న పెద్ద వెబ్‌సైటులో ఒక్కొక్క విభాగం మొదట ఎటువంటి పేజీ ఉండాలి?

ఇది కంప్యూటరు వాళ్లు తేల్చుకోవలసిన సంగతి గదా, ఆరోగ్య పత్రికలో ఎందుకు అని కొందరు అడగవచ్చు. ఇది వైద్య పరిచర్యలో భాగమనీ, కొన్ని వేళల రోగి ప్రాణానికి సంబంధించినదనీ నా అభిప్రాయం. ఎందుకో వివరిస్తాను.

గుమ్మం పేజీ అంటే ఏమిటి?

ఒక విభాగంలోకి అడుగుపెట్టగానే కనబడే పేజీని ఇంగ్లీషులో ల్యాండింగ్ పేజీ అంటారు. ఒక విషయాన్ని మొత్తంగా పరిచయం చేసే పేజీని ఓవర్‌వ్యూ పేజీ అంటారు. మన వాడుకకు వీటిని గుమ్మం పేజీ, పరిచయ పేజీ అని పిలుచుకొందాం.

మన ఓ.పి. గుమ్మాన్ని తలచుకోండి. ఊరినుండి వచ్చిన మనిషి లోపలికి రాగానే ఎదురుగా యాభై డిపార్టుమెంట్ల పేర్ల బోర్డు మాత్రం ఉండి, మనిషన్నవాడు లేకపోతే ఏమవుతుంది? ఆ మనిషికి కార్డియాలజీ తెలియదు, గ్యాస్ట్రో ఎంటరాలజీ తెలియదు. గుండెల్లో మంటగా ఉంది, అంతే తెలుసు. అందుకే మన ఆసుపత్రులలో గుమ్మం దగ్గర ఒక సిస్టరునో, అనుభవమున్న సహాయకుణ్ణో ఉంచుతాం. ఆయన మొదట అడిగేది "మీకు ఏ డిపార్టుమెంటు కావాలి?" అని కాదు. "ఏమ్మా, ఏం బాధ?" అంటాడు. చెమటలు పట్టి ఆయాసపడుతుంటే చీటీ గీటీ అనకుండా నేరుగా క్యాజువాలిటీకి పంపుతాడు.

వెబ్‌సైటులో ఆ పని చేయవలసింది గుమ్మం పేజీ. చాలా ఆసుపత్రుల వెబ్‌సైట్లలో అక్కడ మనిషి లేడు, బోర్డు మాత్రమే ఉంది.

ఆసుపత్రి పటం వేరు, రోగి మనసులోని పటం వేరు

దీనికి కారణం సులభంగానే అర్థమవుతుంది. వెబ్‌సైటు కట్టేటప్పుడు ప్రతి డిపార్టుమెంటునూ తమ సమాచారం ఇమ్మని అడుగుతారు. నలభై డిపార్టుమెంట్లు తలా పది పేజీలు ఇస్తే నాలుగు వందల పేజీలవుతాయి. వాటిని ఆసుపత్రి పరిపాలన పటం ప్రకారమే సర్దుతారు. గుమ్మం పేజీలు కూడ ఆ పటం ప్రకారమే తయారవుతాయి. పైన విభాగాధిపతి ఫోటో, కింద ఆయన డిగ్రీలు, విభాగం ఎప్పుడు స్థాపించబడిందో ఒక పేరా, తరువాత యంత్రాల పేర్లు.

ఇప్పుడు ఒక ఇంట్లో పెద్దాయనకు ఉన్నట్టుండి మూతి వంకరపోయి, కుడి చెయ్యి పడిపోయి, మాట ముద్దగా వస్తున్నదనుకోండి. కొడుకు ఏ హైదరాబాదులోనో, ఏ దుబాయిలోనో ఉన్నాడు. ఫోను రాగానే అతడు తన సెల్‌ఫోనులో "పక్షవాతం" అని వెదుకుతాడు. రక్తపు గడ్డ వలన వచ్చిన పక్షవాతానికి ఆ గడ్డను కరిగించే మందు, అది తగిన రోగులకు, లక్షణాలు మొదలైన నాలుగున్నర గంటలలోపు ఇవ్వాలి. ఎంత ముందుగా ఇస్తే అంత మేలు. అటువంటి సమయంలో అతనికి న్యూరాలజీ విభాగ చరిత్ర కనబడితే ఏమి ప్రయోజనం? అతనికి కావలసినవి మూడే మాటలు. ఇది పక్షవాతం కావచ్చు, వెంటనే 108కి ఫోను చేయండి, లక్షణాలు ఎన్ని గంటలకు మొదలయ్యాయో గుర్తుపెట్టుకొని డాక్టరుకు చెప్పండి.

కాబట్టి గుమ్మం పేజీ రకాన్ని ఎంచుకొనేటప్పుడు డిపార్టుమెంటు ఏది అని చూడకూడదు. ఇక్కడికి వచ్చే మనిషికి వచ్చేటప్పటికి ఏమి తెలుసు, ఏమి తెలియదు, వెళ్లేటప్పుడు చేతిలో ఏమి ఉండాలి అని చూడాలి. నేను చెప్పదలచుకొన్నది ఇదే.

నాలుగు రకాల పేజీలు

ఈ ప్రశ్న వేసుకొంటే పెద్ద వెబ్‌సైటుకు ముఖ్యంగా నాలుగు రకాల గుమ్మం పేజీలు సరిపోతాయి.

మొదటిది పట్టిక పేజీ. అంటే పేర్ల జాబితా. వచ్చే మనిషికి పేరు ముందే తెలిసినప్పుడు ఇది చాలా మంచిది. ఫలానా డాక్టరుగారు ఏ రోజుల్లో ఉంటారు, ఫలానా రక్తపరీక్షకు పరగడుపున రావాలా అని వచ్చేవారికి అక్షర క్రమంలో జాబితా ఇస్తే రెండు క్షణాల్లో దొరుకుతుంది. కాని పేరు తెలియనివారికి ఇదే జాబితా గోడ అవుతుంది. బాధ మాత్రమే తెలిసినవారి ముందు పట్టిక పెట్టకూడదు.

రెండవది పరిచయ పేజీ. ఒక జబ్బు గురించో, ఒక సేవ గురించో మొత్తంగా తెలుసుకోవాలని వచ్చేవారికిది. అమెరికాలోని జాతీయ వైద్య గ్రంథాలయం 1998 అక్టోబరులో ప్రారంభించిన మెడ్‌లైన్‌ప్లస్ వెబ్‌సైటు ఇందుకు మంచి ఉదాహరణ. అక్కడ ఒక్కొక్క ఆరోగ్య విషయానికి ఒక పేజీ ఉంటుంది. ముందు ఆ జబ్బు ఏమిటో తేలిక మాటల్లో సంగ్రహం, తరువాత లక్షణాలు, పరీక్షలు, చికిత్స, నివారణ అని వరుసగా దారులు. చదువరి తనకు కావలసిన దారిలో వెళ్లిపోవచ్చు.

మన షుగరు విభాగానికి ఇటువంటి పేజీయే కావాలి. షుగరు అంటే ఏమిటి, పరగడుపున రక్తంలో చక్కెర 126 గాని అంతకంటె ఎక్కువ గాని ఉంటే డాక్టరు ఏమంటారు, 70 కంటె తగ్గి చెమటలు, వణుకు వస్తే వెంటనే తీపి ఎందుకు తీసుకోవాలి, పాదాలను రోజూ ఎందుకు చూసుకోవాలి, మన క్లినిక్కు ఏ వారాల్లో ఉంది. ఈ వరుసలో ఉంటే చాలు. కాలి పుండుతో ఉన్న మనిషి "ఎండోక్రైనాలజీ" అన్న మాటను దాటి రానక్కరలేదు.

మూడవది పని పేజీ. ఓ.పి. టోకెను తీసుకోవడం, ల్యాబ్ రిపోర్టు తెచ్చుకోవడం, బిల్లు కట్టడం, రక్తదానం చేయడం వంటి ఒకే ఒక పనికోసం వచ్చేవారికి. బ్రిటన్ ప్రభుత్వం 2012 అక్టోబరులో గవ్.యూకే అనే ఒకే వెబ్‌సైటును ప్రారంభించి, అప్పటివరకు విడివిడిగా ఉన్న ప్రభుత్వ సైట్లను ఒక్కొక్కటిగా దానిలోకి తెచ్చింది. అందులో పనులకోసం ప్రత్యేకంగా ప్రారంభ పేజీలు ఉంటాయి. ఈ సేవ ఎవరికి, ఏమేమి దగ్గర పెట్టుకోవాలి, రుసుము ఎంత అని నాలుగు మాటలు చెప్పి, కింద ఒక ఆకుపచ్చ బటను ఇస్తారు. అంతే. మన పని పేజీలు కూడ అలాగే పొట్టిగా ఉండాలి. టోకెను కోసం వచ్చినవారికి ఆసుపత్రి శతాబ్ది ఉత్సవాల ఫోటోలు చూపించనక్కరలేదు. వాటికి వేరే చోటు ఉంది.

నాలుగవది మెట్ల పేజీ. ఒక పని ఒక్కరోజులో అయిపోక, వారాలో నెలలో సాగి, మధ్యలో నాలుగైదు చోట్లకు తిరగవలసి వచ్చినప్పుడు ఇది కావాలి. బ్రిటన్ వెబ్‌సైటులోనే డ్రైవింగు నేర్చుకోవడానికి మొదటినుండి చివరి పరీక్షవరకు మెట్టుమెట్టుగా చూపించే పేజీ ఉంది. ఏ మెట్టు ఏ ఆఫీసుదో చదువరి తెలుసుకోనక్కరలేదు. మనకు గర్భిణీ స్త్రీల పేజీ, పిల్లల టీకాల పేజీ ఇలా ఉండాలి. పుట్టగానే బి.సి.జి., పోలియో చుక్కలు, హెపటైటిస్ బి టీకా. తరువాత ఆరు, పది, పద్నాలుగు వారాలకు. తరువాత తొమ్మిది నెలలు నిండాక తట్టు, రుబెల్లా టీకా. ఇవి ప్రసూతి విభాగంలో కొన్ని, పిల్లల విభాగంలో కొన్ని, కమ్యూనిటీ హెల్త్‌లో కొన్ని అని మూడు చోట్ల చెదిరిపోతే తల్లి ఎక్కడని వెదుకుతుంది?

ఒకే రకం పేజీని అన్ని విభాగాలకూ అచ్చు పోసినట్టు వేస్తే చూడడానికి క్రమంగా ఉంటుంది, నిజమే. కాని అందరికీ ఒకే మందు రాసిన డాక్టరును మనం మెచ్చుకోము గదా!

ప్రమాద సూచన పైన ఉండాలి

పేజీ ఏ రకమైనా, జబ్బుకు సంబంధించినదైతే ప్రమాద లక్షణాలు మొదటనే కనబడాలి. ఇంగ్లండులోని జాతీయ ఆరోగ్య సేవ వెబ్‌సైటు దీనికి రంగుల పెట్టెలు వాడుతుంది. తొందరలేని సంగతికి నీలం, తొందరగా చూపించుకోవలసినదానికి ఎరుపు, ప్రాణాపాయమైతే ఎరుపు నలుపు. ఒక్కొక్క పెట్టెలో ఏ లక్షణముంటే ఎక్కడికి వెళ్లాలో పొట్టి వాక్యాలు. ఇది అలంకారం కోసం చేసినది కాదు. మన క్యాజువాలిటీలో రోగులను వేరు చేసే పద్ధతినే పేజీ మీద పెట్టారు.

మన ప్రాంతానికి పాముకాటు పేజీనే తీసుకోండి. ప్రపంచ ఆరోగ్య సంస్థ 2017లో పాముకాటును నిర్లక్ష్యానికి గురైన ఉష్ణమండల వ్యాధుల జాబితాలో చేర్చింది. పొలంలో పని చేసుకొనేవారికి ఇది ఎంత దగ్గరి ప్రమాదమో మనకు చెప్పనక్కరలేదు. ఆ పేజీ పైన ఉండవలసినవి ఇవి: బిగించి కట్టవద్దు, కోయవద్దు, నోటితో పీల్చవద్దు, పసరు కోసం ఆగవద్దు, కాటు పడిన చెయ్యి గాని కాలు గాని కదలకుండా ఉంచి, విషానికి విరుగుడు ఇంజెక్షన్ ఉన్న ఆసుపత్రికి వెంటనే తీసుకురండి. పాముల రకాలు, విషం పనిచేసే తీరు, మన ఆసుపత్రి ఎన్ని కేసులు చూసింది అన్నవి కింద ఉండవచ్చు, లోపలి పేజీలో ఉండవచ్చు. చదివే మనిషి చేతులు వణుకుతున్నాయని గుర్తుంచుకొని రాయాలి.

పక్క గుమ్మాలు

ఇంకొక సంగతి. వెబ్‌సైటుకు వచ్చేవారందరూ మొదటి పేజీనుండే రారు. గూగుల్‌లో వెదికి, లేదా ఎవరో వాట్సాప్‌లో పంపిన లింకు నొక్కి నేరుగా లోపలి పేజీలో దిగుతారు. అంటే ప్రతి పేజీ ఒక గుమ్మమే. ఏ పేజీలో దిగినా ఇది ఏ ఆసుపత్రి, ఏ ఊరు, అత్యవసరమైతే ఏ నంబరు, ఈ విషయానికి పరిచయ పేజీ ఎక్కడ అన్నవి కనబడాలి.

వెల్లూరులో 1900లో ఒకే మంచంతో పరిచర్య మొదలుపెట్టిన డాక్టర్ ఐడా స్కడర్ ఆసుపత్రి గుమ్మం దగ్గరే కూర్చుని ఉండిపోలేదు. పల్లెల దారులవెంట చెట్ల కింద రోగులు గుమికూడే చోటికే వెళ్లి చూసింది. మనుష్యులు ఎక్కడ నిలబడి ఉంటే వైద్యం అక్కడికి వెళ్లాలన్నది మిషన్ ఆసుపత్రులకు కొత్త పాఠం కాదు.

జనం పిలిచే పేర్లు

గుమ్మం మీద రాసే పేరు జనం నోట ఉన్న పేరై ఉండాలి. ఆరోగ్యశ్రీ సంగతే చూడండి. 2007లో ఉమ్మడి ఆంధ్రప్రదేశ్‌లో మొదలైన ఆ పథకానికి ప్రభుత్వాలు మారినప్పుడల్లా పేర్లు మారాయి. ఆంధ్రప్రదేశ్‌లో 2024 నుండి డాక్టర్ ఎన్టీఆర్ వైద్య సేవ అంటున్నారు. తెలంగాణలో రాజీవ్ ఆరోగ్యశ్రీగా నడుస్తున్నది. కాని పల్లెలో చాలామంది నోట ఇప్పటికీ "ఆరోగ్యశ్రీ కార్డు" అన్న మాటే వస్తుంది. మన పేజీ మీద కొత్త పేరు ఒక్కటే ఉంటే, పాత పేరుతో వెదికే రోగికి మన ఆసుపత్రిలో ఆ సౌకర్యం లేదనిపిస్తుంది. అప్పుచేసి వేరే చోటికి వెళ్లిపోతాడు. రెండు పేర్లూ రాయడానికి ఖర్చేమీ లేదు. ఈ పథకానికి కావలసింది మెట్ల పేజీ అని వేరే చెప్పనక్కరలేదు. కార్డు చూపించడం, పథకం సహాయకుణ్ణి కలవడం, పరీక్షలు, అనుమతి, చికిత్స, ఇంటికి వెళ్లాక మళ్లీ చూపించుకోవడం అని వరుసగా ఉండాలి.

అలాగే షుగరు, చక్కెర వ్యాధి, మధుమేహం, డయాబెటిస్ అన్నవి ఒకే జబ్బుకు నాలుగు పేర్లు. నాలుగింటికీ తలుపు తెరుచుకోవాలి. తెలుగులో పేజీ లేకుండా ఇంగ్లీషులో మాత్రమే ఉంటే, ఆ తలుపు సగంమందికి మూసినట్టే.

కొందరి అభ్యంతరాలు

"వెదికే పెట్టె పెడితే చాలదా?" అంటారు. వెదకాలంటే పేరు తెలిసి ఉండాలి, వర్ణక్రమం కుదరాలి. బాధకు పేరు తెలియని మనిషి ఆ పెట్టెలో ఏమి రాస్తాడు? పెట్టె ఉండాలి, కాని అది గుమ్మంలో నిలబడే మనిషికి బదులు కాదు.

"విభాగాల పేర్లు వెనుకకు వెళితే సీనియర్ డాక్టర్లు నొచ్చుకొంటారు" అంటారు. వారి గౌరవం తగ్గకూడదు. విభాగాలకు, డాక్టర్లకు చక్కని పట్టిక పేజీ ఉండాలి. వేరే ఆసుపత్రినుండి రోగిని పంపే డాక్టర్లకు, చదువుకోవాలనుకొనే విద్యార్థులకు అదే కావాలి. అయితే అది గుమ్మాలలో ఒక గుమ్మం. అన్ని గుమ్మాలూ అదే కాకూడదు.

"మాది చిన్న ఆసుపత్రి, అంత డబ్బు లేదు" అంటారు. దీనికి కావలసింది డబ్బుకంటె ఓపిక. విచారణ కౌంటరులో ఒక వారంపాటు కూర్చుని, జనం అడిగిన ప్రశ్నలను వారి మాటల్లోనే నోటుపుస్తకంలో రాయండి. తరువాత మన సేవల పేర్లను చిన్న చీటీలమీద రాసి, వెయిటింగు హాలులో ఉన్న బంధువులను ఏవి ఏవి ఒకచోట ఉండాలో సర్దమని అడగండి. వారు కట్టే గుంపులే మీ విభాగాలు. పేజీ తయారయ్యాక అయిదుగురికి ఫోను ఇచ్చి, "మీ అమ్మగారికి షుగరు పరీక్ష ఎప్పుడు చేస్తారో ఇందులో చూడండి" అనండి. ఎక్కడ ఆగిపోతారో చూస్తే తప్పు తెలుస్తుంది. ఈ రంగంలో పేరున్న జేకబ్ నీల్సన్ 2000లోనే, అయిదుగురితో పరీక్షించినా చాలా లోపాలు బయటపడతాయని రాశాడు. మనకు రోజూ అయిదు వందలమంది గుమ్మంలోనే ఉంటారు!

ఒక హెచ్చరిక కూడ చెప్పాలి. పేజీ కట్టడంతో పని అయిపోదు. డాక్టరుగారు బదిలీ అయినా, క్లినిక్కు రోజు మారినా పేజీలో పాతదే ఉంటే, ముసలి తల్లి బస్సు ఎక్కి వచ్చి మూసిన తలుపు చూసి తిరిగిపోతుంది. పని కూలి పోతుంది, చార్జీలు పోతాయి, మన మాటమీద నమ్మకం పోతుంది. కాబట్టి ఒక్కొక్క గుమ్మం పేజీకి ఒక బాధ్యుని పేరు రాసిపెట్టాలి. ఆయన మూడు నెలలకొకసారైనా చూసి, సరిచూసిన తేదీ కింద వేయాలి. చూసుకొనే మనిషి లేని పేజీని తీసివేయడమే మేలు.

ఆసుపత్రి బోర్డులకు నా మనవి

వచ్చే సమావేశంలో వెబ్‌సైటు అంశం వచ్చినప్పుడు ఫోటోలకంటె ముందు ఈ ఒక్క ప్రశ్న వేయండి. ఈ పేజీకి వచ్చేది ఎవరు, వారికి పేరు తెలుసా, బాధ మాత్రమే తెలుసా, ఒక పని చేసుకొని పోవాలా, చాలా మెట్లు ఎక్కాలా? జవాబును బట్టి పట్టిక, పరిచయం, పని, మెట్లు అన్న నాలుగింటిలో ఒకటి ఎంచుకోండి. కంప్యూటరు కంపెనీకి ఈ నిర్ణయం వదిలిపెట్టవద్దు. వారికి పేజీలు కట్టడం తెలుసు. రోగులు ఎవరో, ఏ మాటలతో అడుగుతారో మన సిస్టర్లకు, మన కౌంటరు వారికి తెలుసు. వారిని కమిటీలో కూర్చోబెట్టండి.

యెరికో దారిలో గుడ్డివాడైన బర్తిమయి కేకలు వేసినప్పుడు చుట్టూ ఉన్నవారు అతణ్ణి ఊరకుండుమన్నారు. ప్రభువు మాత్రం నిలిచి, అతనికి ఏమి కావాలో అతని నోటనే అడిగి తెలుసుకొన్నాడు. ఆ అడగడంలోనే సగం స్వస్థత ఉన్నదని మన పెద్ద డాక్టర్లు చెబుతుంటారు. మన ఓ.పి.లో అలా అడుగుతున్నాం. మన వెబ్‌సైటు గుమ్మంలో కూడ అలా అడగడం నేర్చుకొందాం.

ప్రభువు మీకు, మీ ఇంటివారికి మంచి ఆరోగ్యమును అనుగ్రహించును గాక.